ఎండిన వంకలో సారు కూర్చున్న చోటు

నా చిన్నప్పుడు మా ఊరి వంక ఏడాదిలో నాలుగు రోజులు పారితే గొప్ప. మిగతా రోజులంతా ఇసుకే. అయినా మేము తాగేది ఆ వంక నీళ్లే. ఇసుకలో మోకాటి లోతు గుంత తీస్తే అడుగున నీళ్లు ఊరేవి. ఆ గుంతను చెలమ అంటాం. కొబ్బరిచిప్పతో ఆ నీళ్లు తోడి బిందె నింపుకొని రావడం ఇంట్లో నా పని. మా ఊరు బనగానపల్లెకు మరీ దూరమేమీ కాదు గానీ, దారి మాత్రం ఎద్దులకు కూడా విసుగు పుట్టించేది.

అందుకే రోడ్డు వేస్తారనగానే ఊరంతా సంతోషపడింది. అందరికంటే ఎక్కువ సంతోషించింది మా జేజి, అంటే మా నాయన వాళ్ల అమ్మ. కాన్పు కష్టమైన మా అత్తను ఆ దారిలోనే మంచం మీద మోసుకుపోయారు. ఆ రోజును జేజి మరిచిపోలేదు. కానీ రోడ్డుకు పరిచే ఎర్ర గరుసు మట్టి కోసం కంట్రాక్టరు మా వంక గట్టునే ఎంచుకున్నాడు. గట్టు తవ్వుతూ వంకలోకి కూడా దిగుతాడని తెలిశాక జేజి ముఖం మారింది. ఊట పోతుందని ఊరి పెద్దమనుషులకు చెప్పింది. నీకు రోడ్డు కావాలా, నీళ్లు కావాలా అని వాళ్లు ఆమెనే అడిగారు. రెండూ కావాలంది. రెండూ కావాలనే మనిషితో ఏం మాట్లాడాలో తోచక వాళ్లు బీడీలు ముట్టించుకున్నారు.

అనుమతి ఇచ్చే ముందు చోటు చూడడానికి కర్నూలు నుంచి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ముందు రోజు కంట్రాక్టరు బడి దగ్గరికి వచ్చి పిల్లలకు పిప్పరమెంట్లు పంచాడు. రేపు కర్నూలు నుంచి వచ్చే సారు అడిగితే వంకలో నీళ్లు లేవని చెప్పమన్నాడు. అలా చెప్పడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. వంక పారడం లేదు కదా. పైగా అందరికీ ఒకటి, నాకు రెండు ఇచ్చాడు. ఇంట్లో నేను ఈ మాట ఎత్తలేదు. జేజి నా ఎర్రటి నాలుక చూసింది, ఎవరిచ్చారని అడిగింది, నాతో అంతా చెప్పించింది. మరుసటి రోజు ఇంట్లో నీళ్లు ఉన్నా సరే, జీపు దుమ్ము కనబడగానే నన్ను చెలమకు పంపింది.

నేను బిందె నింపుకొని వంక మలుపు తిరిగేసరికి కానుగ చెట్టు కింద సభ జరుగుతోంది. సారు లావాటి మనిషి, ఎండకు వడలిపోయి ఉన్నాడు. జేజి ఇసుక మీద గోనెసంచి పరిచి ఆయన్ను కూర్చోబెట్టింది. కంట్రాక్టరు ఆయన ముందు పటం పరిచి, ఈ వంకలో చీమకు కూడా తడి దొరకదని చెబుతున్నాడు. ఊరి పెద్దమనుషులు తలలూపుతున్నారు. నన్ను చూడగానే కంట్రాక్టరుకు ధైర్యం వచ్చినట్టుంది. కావాలంటే పసిబిడ్డను అడగండి అన్నాడు.

సారు నా వైపు తిరిగి, వంకలో నీళ్లున్నాయా పాపా అని అడిగాడు.

"లేవు సార్" అన్నాను. చంకలో బిందె తొణికి, నా పావడా మీదుగా నీళ్లు కారుతున్నాయి.

సారు కాసేపు ఆ ధారనే చూశాడు. తరువాత దోసిలి పట్టి నీళ్లు పోయమన్నాడు. సగం బిందె తాగి ఉంటాడు. మూతి తుడుచుకొని, మరి ఈ నీళ్లు ఎక్కడివని అడిగాడు. ఈ ప్రశ్నకు కంట్రాక్టరు నాకు జవాబు నేర్పలేదు.

"చెలమలోవి సార్."

"చెలమ ఎక్కడుంది?"

"వంకలో."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. సారు చెలమ చూస్తానని లేచి నిలబడ్డాడు. ఆయన ప్యాంటు వెనక భాగం రెండు అరచేతులంత మేర తడిసిపోయి ఉంది. ఊరి పెద్దమనుషులు ఒక్కసారిగా ఆకాశం వైపు చూడడం మొదలుపెట్టారు. కంట్రాక్టరు పటం మడతపెట్టాడు. జేజి ఒక్కతే మామూలుగా మాట్లాడింది.

"సారూ, మీరు కూర్చున్న తావున ఇసుక కిందంతా మా నీళ్లే ఉండాయి. గరుసు వద్దని నేను అనలే. ఆ మిట్ట మీద తవ్వుకోమను. ఈడ మాత్రం వద్దు."

సారు వెనక చెయ్యి పెట్టి తడి చూసుకున్నాడు. ఆ తరువాతే నవ్వు మొదలైంది, అదీ ఆయనతోనే. నవ్వు తగ్గాక జేజి వెంట నడిచి మిట్ట చూసి వచ్చాడు. అక్కడ ముళ్లకంపలు తప్ప ఏమీ మొలవదు. గరుసు అక్కడే తీయాలని, వంక గట్టు ముట్టకూడదని, తవ్వుతుంటే తేమ తగిలిన చోట ఆపేయాలని, తవ్విన మట్టి వంకలోకి తోయకూడదని జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. రాసింది చదివి వినిపించాడు. కంట్రాక్టరు దూరం ఎక్కువైందని గొణిగాడు గానీ రోడ్డు వేశాడు. మా ఊరికి బస్సు వచ్చింది, చెలమ ఊట తగ్గలేదు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే నాకు భయంగానే ఉంది. జేజి మాత్రం పిప్పరమెంట్ల మాట ఎత్తలేదు. నేనే ధైర్యం చేసి, సారు సరిగ్గా తడి ఉన్న చోటే కూర్చునేలా ఎట్లా చేశావని అడిగాను.

"నేనేం చేసినా? యాడ నీడుంటే ఆడ కూర్చున్యాడు. నీళ్లు లేకుంటే ఈ ఎండల్లో ఆ చెట్టు యాడనుంచి వస్తాదే?" అంది.

నన్ను బిందెతో పంపడం ఆమె ఎత్తే. కానీ గోనెసంచి పరవడంలో ఎత్తేమీ లేదు. ఆ కానుగ చెట్టు కింద నేను రోజూ ఆడుకునేదాన్ని. అది అక్కడే ఎందుకు మొలిచిందో నాకు ఏనాడూ తోచలేదు. ఊళ్లో ఇంకెవరికీ తోచినట్టు లేదు.

ఇప్పుడు నాది ఆనాటి జేజి వయసు. గరుసు కోసమో రాయి కోసమో ఎవరో ఒకరు కాగితాలు పట్టుకొని మా వైపు వస్తూనే ఉంటారు. వాళ్లు ఫలానా చోట నీళ్లు లేవంటే నేను వాదన పెట్టుకోను. ఒక్కటే అడుగుతాను.

"ఎప్పుడొచ్చి చూసినావప్పా?"

చూడకుండా వచ్చిన చాలామంది, పోయి చూద్దామని చెప్పులు వెతుక్కుంటారు. నేనూ లేచి వాళ్ల వెంట నడుస్తాను.