తేదీలడిగే అమ్మమ్మ

మా అమ్మమ్మకి ఆడమనిషి ఎదురైతే కుశలం అడగడం రాదు. తేదీ అడగడమే వచ్చు. "కిందటిసారి ఏ తేదీ?" అంటుంది. ముందూ వెనకా మాట ఉండదు. వెంటనే కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద పరుగెడుతుంది. "ఇరవై ఆరో రోజు, పో," అంటుంది, బస్సు టిక్కెట్టు చించిచ్చినట్టు.

ఈ అలవాటు వల్ల మా ఇంటికి చుట్టాలు తగ్గారు. మా పిన్ని తోడికోడలు ఒకసారి వచ్చి, చెప్పులు విప్పేలోపే తేదీ అడిగించుకుని, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయింది. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా లెక్కల టీచరు నా మార్కుల సంగతి తేల్చడానికి అమ్మమ్మని పిలిపించింది. పది నిమిషాలయ్యాక చూస్తే టీచరే వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది. నా మార్కులు వాళ్ళిద్దరూ మర్చిపోయారు. ఆ ఏడాదే నేను చదువు మర్చిపోయాను.

మా అమ్మ తల బాదుకునేది, ఊళ్ళోవాళ్ళ నెలసరులు నీకెందుకని. అమ్మమ్మ వినిపించుకునేది కాదు.

ఆవిడ పని బట్టల కంపెనీలో బాత్రూములు కడగడం. ఒకప్పుడు అదే కంపెనీలో తొమ్మిదేళ్ళు చొక్కాలకి కాలర్లు కుట్టింది. మా అమ్మ కడుపులో పడ్డ మూడో నెలలో గేటు బయటికి పంపారు. ఎన్నో ఏళ్ళకి మళ్ళీ పిలిచి, చూపు తగ్గిందని చీపురు చేతికిచ్చారు.

పోయినేడు నేనూ అక్కడే చేరాను, దారాలు కత్తిరించే పనికి. నాతోపాటు ఇంకో ఏడుగురు. మూడు నెలలు టెంపరరీ. ఆఖర్న కంపెనీ నర్సమ్మ చిన్న సీసా ఇచ్చి పోసుకురమ్మంటుంది. అందులో ముంచిన పట్టీ మీద ఒక గీత పడితే పర్మనెంటు, రెండు పడితే గేటు. పర్మనెంటు అయ్యాక కడుపొస్తే జీతమిచ్చి సెలవివ్వాలి కదా. మా మేనేజరు అంత తెలివితక్కువవాడు కాదు.

ఆ ఏడుగురిలో కాజాలు కుట్టే అక్క ఒకతి. మొగుడు ఉద్యోగం వెతుకుతూ మంచం దిగడు. మూడేళ్ళ కూతురు. ఇల్లంతా ఈవిడ జీతం మీదే. ఒకరోజు బాత్రూము దగ్గర నవ్వుతూ కనిపించింది. అనుమానమొచ్చి ఇంట్లోనే పరీక్ష చేసుకుందట, ఒకటే గీతట.

"నెల ఎప్పుడు రావాలి నీకు?" అంది అమ్మమ్మ.

"ఇంకా నాలుగు రోజులుంది. ఆగలేక ముందే చూసేసుకున్నా."

"గింజ నాటిన పూటే మొలకొచ్చిందా అని మట్టి తవ్వుతావా? రావలసిన రోజు దాటనీ. ఇంకో వారం చూడు. అప్పుడు పొద్దున్న లేవగానే పోసినదాంతో చెయ్యి. అదీ లెక్క. ఇప్పుడు లేదన్నది లేనట్టు కాదు."

"ఒక్కసారే అమ్మమ్మా. అవి వచ్చే రోజులు కావన్నాడు మా ఆయన."

"నీకు నెల ఎప్పుడూ ఒకే లెక్కన వస్తుందా?"

"రాదు. ముందూ వెనకా అవుతుంది."

"మరి ఏ రోజులో నీకే తెలియకపోతే ఆయనకెట్లా తెలిసింది? తేదీలు తెలుసా ఆయనకి?"

"జీతం తేదీ తెలుసు," అంది.

పదకొండు రోజుల తర్వాత రెండు గీతలు పడ్డాయి. కంపెనీ పరీక్షకి వారం లేదు. బిడ్డా కావాలి, ఉద్యోగమూ కావాలి అని అక్క బాత్రూములో కూర్చుని ఏడ్చింది. అమ్మమ్మ ఓదార్చలేదు. "సోమవారం నీది పారబోసి నాది పట్టుకెళ్ళు," అంది.

ఇన్నేళ్ళూ తేదీలెందుకు అడుగుతోందో నాకు అప్పుడు తెలిసింది. ఎవరికి గీత పడుతుందో, ఎవరికి ఇంకా పడదో ముందే లెక్కకట్టి, పడేవాళ్ళకి తనది పోసిస్తోంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మరి టీచరునీ చుట్టాల్నీ ఎందుకడిగావంటే, "చెయ్యి తిరగాలిగా," అంది.

ఆ సోమవారం తెల్లారినప్పట్నుంచి అమ్మమ్మ నీళ్ళ చెంబు దించలేదు. నిజానికి అవసరం ఇద్దరికే, కాజాల అక్కకీ ఇంకో పిల్లకీ. మిగతా ఐదుగురికి తేదీలు గుర్తులేవు, ధైర్యం కోసం మాకూ పొయ్యమన్నారు. చీపుళ్ళ బకెట్‌లో ఏడు సీసాలు వెళ్ళాయి.

నర్సమ్మ దగ్గర ఈసారి కొత్త పట్టీలున్నాయని ఎవరికీ తెలియదు. అవి షుగరు కూడా చూపిస్తాయి. ఏడుగురికీ గీత ఒకటే. ఏడుగురికీ షుగరే, అదీ ఒకే రంగులో. ఇరవై రెండేళ్ళ పిల్లలకి మూకుమ్మడిగా షుగరేమిటని మేనేజరు బెంబేలెత్తి టీలో పంచదార ఆపించాడు. కంపెనీ అంతా మూడు రోజులు చప్పటి టీ తాగి, ఆ ఏడుగురినీ తిట్టుకుంది.

నర్సమ్మ నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మనిషి. ఆ సాయంత్రం బాత్రూముల దగ్గరికొచ్చింది. నేను గోడకి అతుక్కుపోయాను.

"ఏడుగురిలో ఒకావిడకి షుగరు బాగా ఉంది," అంది అమ్మమ్మతో. "అరవై దాటి ఉంటాయి. దాహం ఎక్కువేమో. ఆసుపత్రికి వెళ్ళమని చెప్పు."

అమ్మమ్మ చీపురు ఆగింది. "చెప్తాను," అంది.

"పట్టీలు పాడైపోయాయని రాశాను. గురువారం మళ్ళీ చూస్తా. ఈసారి షుగరు లేనివాళ్ళవి తెమ్మను."

గురువారం ఆ ఇద్దరి కోసం చెంబు నేను పట్టుకున్నాను. ఐదుగురు బుద్ధిగా ఎవరిది వాళ్ళు పోసుకున్నారు. కాజాల అక్క పర్మనెంటు అయ్యింది. రెండు నెలలాగి డాక్టరు కాగితంతో సెలవుకి అర్జీ పెట్టింది. మేనేజరు నర్సమ్మని పిలిచి, ఒకటే గీత అని నువ్వే రాశావు కదా అని ఎగిరాడు.

"తొందరపడి ముందే చేస్తే గీత పడదండి," అంది నర్సమ్మ. "డబ్బా మీదే రాసుంది. మీరు చదవలేదా?"

అమ్మమ్మకి ఆసుపత్రిలో పొద్దునా సాయంత్రమూ మాత్రలు రాసిచ్చారు. ఇప్పుడు మా అమ్మ కాపలా కాసి చక్కెర లేని టీ ఇస్తుంది. అమ్మమ్మ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, కప్పు నా ముందుకి నెడుతుంది.

"పేరుకి షుగరున్నవాళ్ళం ఏడుగురం. మాత్రలు మింగేది మాత్రం నేనొక్కదాన్నే," అంటుంది.