యూరప్ రైలు రిహార్సల్‌లో నా దొంగ వేషం

మెడలో ఈ సంచీ ఏంట్రా అని వచ్చినప్పట్నుంచీ పళ్ళికిలిస్తున్నారు కదా! నవ్వండి, నవ్వండి. దీని వెనక కథ వింటే టీ పొలమారుతుంది, కప్పులు కింద పెట్టి వినండి. మొన్న శనివారం ఈ కాల్గరీలో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా నన్ను దొంగ అని పట్టుకున్నారు. ఒట్టు! అదీ మా ఓనర్ ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌తో సహా.

ఆగండ్రా బాబూ, మొదట్నుంచీ చెప్పనివ్వండి.

మా ఇంటి ఓనర్ భాస్కర్ అంకుల్ సంగతి మీకు తెలుసుగా. ఆయిల్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. ఇంట్లో కూడా అదే ఉద్యోగం. వాకిట్లో స్నో తియ్యాలన్నా ముందు బేస్మెంట్లో మా నలుగురికీ మీటింగ్ పెడతాడాయన. ఆయనా, రమ ఆంటీ వచ్చే నెల యూరప్ వెళ్తున్నారు. రైల్ పాసులు కొన్నారు. అది భలే ఉంటుందిలే, ఆ ఒక్క పాస్ ఉంటే దేశం దేశానికీ వేరే టికెట్ కొనక్కర్లేదు. పొద్దున టిఫిను ఒక దేశంలో, మధ్యాహ్నం భోజనం ఇంకో దేశంలో. రెండు పాసులూ ఆంటీ ఫోన్‌లోనే పెట్టారు, ఎందుకంటే అంకుల్ తన ఫోన్ రోజుకోసారి పోగొట్టుకుని, మా ఫోన్లతో రింగ్ ఇప్పించి వెతుక్కుంటాడు.

అయితే ఆయన ఆఫీసులో ఎవరో భయపెట్టేశారు. అక్కడ రైలు మారడానికి నాలుగు నిమిషాలే ఉంటుందట, జేబుదొంగలు ఎక్కువట, దొంగ పోలీసులు కూడా వచ్చి పాసులు చూపించమంటారట. ఇంక చూస్కోండి! "లైవ్‌కి వెళ్ళే ముందు టెస్టింగ్ చెయ్యమా చరణ్? ఇదీ అంతే. మన ఊళ్ళో తిరిగే సీట్రెయిన్ మీద ఫుల్ రిహార్సల్" అన్నాడు.

నన్ను పైకి పిలిచి దోసెలు పెట్టి మరీ అన్నాడు. రెండో దోసెకే నాకు అనుమానం రావాల్సింది.

"నువ్వు కాలేజీలో స్కిట్లు వేశావు కదా?"

"అవునంకుల్, బెస్ట్ యాక్టర్ కూడా వచ్చింది" అన్నాను, నోరు ఊరుకోదు కదా.

"అయితే దొంగవి నువ్వే. ఆంటీ బ్యాగ్ కొట్టెయ్యాలి."

తుంచిన దోసె ముక్క మళ్ళీ ప్లేట్లో పెట్టేశాను. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి, మెయిల్ కోసం రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నవాణ్ణి. ఇప్పుడు పోలీసు, దొంగతనం అనే మాటలు నా పేరు పక్కన పడ్డాయంటే పెట్టె సర్దుకుని గుంటూరు వెళ్ళిపోవడమే. మా నాన్న నన్ను ఊళ్ళోకి రానిస్తాడా? అదే చెప్పాను. "ఛఛ, మన బ్యాగ్ మనం తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? పూచీ నాది" అన్నాడు. ఊరంతా స్టూడెంట్లతో నిండిపోయి, బేస్మెంట్లో మంచం దొరకడమే గగనంగా ఉన్న ఈ రోజుల్లో ఓనర్ అడిగితే కాదనగలమా? సరేనన్నాను.

సరేనని ఊరుకుంటే బాగుండేది. నేను పాత్రలోకి దిగిపోయాను! దొంగ అనేవాడి దగ్గర ఐడీ ఉండకూడదని పర్సు, ఫోను, కాలేజీ వాళ్ళిచ్చిన ట్రైన్ పాసు, అన్నీ దిండు కింద పెట్టేశాను. ఆ పాసుంటే ఈ ఊళ్ళో బస్సూ, ట్రైనూ ఎక్కడెక్కినా అడిగేవాడుండడు. అయినా పెట్టేశాను. ఇది అంకుల్ చెప్పలేదురా, నా సొంత టాలెంటు. ఆంటీ ఇచ్చిన ఉన్ని టోపీ కూడా తీసేశాను. ఆ టోపీ లేకుండా గడప దాటితే ఆంటీ ఊరుకోదు, "చెవులు మూసుకోరా" అని వీధి చివరిదాకా అరుస్తుంది. కానీ దొంగ మెరూన్ రంగు కుచ్చు టోపీ పెట్టుకుంటే ఏం బాగుంటుంది? జాకెట్ జిప్పు కూడా సగం తీసి వదిలేశాను, స్టైలుగా.

డౌన్‌టౌన్‌లో కొన్ని స్టేషన్ల మధ్య టికెట్ అక్కర్లేదు కదా, అంకుల్ రిహార్సల్ అక్కడే పెట్టాడు. మొదటి స్టేషన్ ఫ్రాన్స్, రెండోది స్విట్జర్లాండ్, మూడోది ఇటలీ. "ఇటలీ దాటొద్దు, నది దాటితే టికెట్ కావాలి" అని పదిసార్లు చెప్పాడు. పెద్ద సూట్‌కేసులు రెండు. తేలిగ్గా ఉంటే ప్రాక్టీస్ అవ్వదని వాటి నిండా బియ్యం బస్తాలు! ఆంటీకి వేరే క్లాసు తీసుకున్నాడు. "ఎవరెప్పుడొస్తారో చెప్పను, సర్‌ప్రైజ్ టెస్టులుంటాయి. యూనిఫాం వేసుకున్నాడు కదా అని నమ్మొద్దు. ఎవరేమడిగినా 'ఐ డోంట్ నో' అనెయ్, అంతే."

ఫ్రాన్స్ బాగానే జరిగింది. స్విట్జర్లాండ్‌లో బియ్యం సూట్‌కేసు చక్రం ఊడింది. ఇటలీలో అంకుల్ స్టాప్‌వాచ్ పట్టుకుని "క్విక్ క్విక్ రమా" అంటుంటే, ఆంటీ బ్యాగ్ బెంచీ మీద పెట్టి చక్రం ఏరుకుంటోంది. ఇదే అదను! లటుక్కున బ్యాగ్ లాగి పరుగు తీశాను.

ప్లాన్ ప్రకారం ప్లాట్‌ఫాం చివర దాకా పరిగెత్తి ఆగాలి. కానీ బెస్ట్ యాక్టర్ కదా! పక్కనే ట్రైన్ తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఒక తలుపులోంచి ఎక్కి ఇంకో తలుపులోంచి దిగితే సీన్ అదిరిపోతుందనిపించింది. ఎక్కాను. తలుపులు మూసుకున్నాయి.

ట్రైన్ కదిలింది. కిటికీలోంచి చూస్తే ఆంటీ నాకు చప్పట్లు కొడుతోంది! అంకుల్ స్టాప్‌వాచ్ ఊపుతూ "ఇటలీ, ఇటలీ" అని అరుస్తున్నాడు. ఈలోపు లోపల ఒక పెద్దావిడ నా చేతిలో లేడీస్ బ్యాగ్ చూసి "హీ స్టోల్ దట్ బ్యాగ్!" అని అరిచి, గోడకున్న హెల్ప్ బటన్ నొక్కేసింది. నేను "నో మేడమ్, రిహార్సల్, రిహార్సల్" అంటున్నా. అలా రొప్పుతూ చెప్తే ఎవరు నమ్ముతార్రా! ట్రైన్ నది దాటేసింది.

అవతలి స్టేషన్లో తలుపు తెరిచేసరికి ట్రైన్ల మీద డ్యూటీ చేసే పోలీసాఫీసర్ నిలబడి ఉన్నాడు. ఆరున్నర అడుగులు.

"ఇది నీ బ్యాగేనా?"

"కాదు సర్, మా ఓనర్ ఆంటీది."

"ఐడీ?"

"దిండు కింద ఉంది సర్."

నాకే వినడానికి అసహ్యంగా ఉంది. ఎక్స్‌టెన్షన్ పోయింది, చదువు పోయింది, మా నాన్న మొహం కళ్ళ ముందు కనిపిస్తోంది. ఏడుపొచ్చేసింది, అబద్ధమెందుకు.

అప్పుడు తర్వాతి ట్రైన్లోంచి ఆంటీ దిగింది. హమ్మయ్య, దేవతలా వచ్చిందనుకున్నాను. ఆఫీసర్ మర్యాదగా అడిగాడు, ఇతను మీకు తెలుసా అని. ఆంటీ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. బెల్టు చూసింది, బ్యాడ్జీ చూసింది, మెచ్చుకోలుగా తలూపింది.

"ఐ డోంట్ నో."

"ఆంటీ! నేను చరణ్‌ని ఆంటీ! మీ బేస్మెంటు!"

ఆంటీ పెదాలు కదపకుండా తెలుగులో అంది కదా, "ఏడుపు భలే వచ్చిందిరా నీకు. కానీయ్, కానీయ్."

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. "ఆంటీ, ఇది నిజం పోలీసు ఆంటీ!"

"ఎవరైనా సరే, అంకుల్ నమ్మొద్దన్నారు" అని మళ్ళీ ఆఫీసర్ వైపు తిరిగి, గట్టిగా, "ఐ డోంట్ నో!"

అంకుల్ ఏడీ? ఆయన చక్రం లేని బియ్యం సూట్‌కేసు ఈడ్చుకుంటూ అదే ట్రైన్ చివరి డబ్బాలోంచి దిగి అప్పుడే వస్తున్నాడు. దూరం నుంచే "సర్! హి ఈజ్ అవర్ థీఫ్, సర్! అవర్ ఓన్ థీఫ్!" అని కేకలు. ఇంకేముంది, ముఠా అనుకున్నాడు ఆఫీసర్. నా చెయ్యి పట్టుకుని పక్కకి తిప్పాడు.

సరిగ్గా అప్పుడే నది మీంచి గాలి కొట్టింది. నాకు తుమ్మొచ్చింది. ఒక్క తుమ్ము!

ఆంటీ మొహం మారిపోయింది. "టోపీ ఏదిరా?" అంది. "నిన్న రాత్రంతా దగ్గావు, పైకి వినిపించింది. జిప్పు తీసుకుని తిరుగుతావా, బుద్ధుందా?" అంటూ ఆఫీసర్ చేతిని పక్కకి నెట్టి, నా జాకెట్ జిప్పు గడ్డం దాకా లాగేసింది. తన మఫ్లర్ తీసి నా చెవుల చుట్టూ చుట్టి ముడేసింది. "మిరియాల పాలు ఇచ్చానా లేదా? తాగావా, సింకులో పోశావా?"

ఆఫీసర్ ఆ మఫ్లర్ వైపు వేలు చూపించి అడిగాడు. "మేడమ్, ఇతను మీకు తెలీదన్నారు?"

ఆంటీ ముడి బిగిస్తూనే, "ఐ డోంట్ నో సర్!" అంది. "ముక్కు తుడుచుకోరా ముందు!"

అంతే, ఆయనకి నవ్వాగలేదు. ముక్కూ మొహం తెలియని దొంగకి ఎవరూ మఫ్లర్ చుట్టరని ఆయనకీ అర్థమైనట్టుంది. నా చెయ్యి వదిలేశాడు. దొంగతనం కేసు లేదు, ఏమీ లేదు, పొమ్మన్నాడు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది.

పోతూ పోతూ ఊరికే అడిగినట్టు అడిగాడు. "అన్నట్టు, మీ టికెట్లు?"

నది దాటేశాం కదా! అంకుల్ ఆ కంగారులో రిహార్సల్ అలవాటు కొద్దీ ఆంటీ బ్యాగ్‌లోంచి ఫోన్ లాగి, పాస్ ఓపెన్ చేసి, గర్వంగా ఆయన మొహం ముందు పెట్టాడు. "ఆల్ కంట్రీస్, సర్!"

ఆఫీసర్ ఓపిగ్గా పైనుంచి కిందిదాకా చదివాడు. "వెరీ నైస్, సర్. కానీ ఇందులో కెనడా లేదు."

పెద్దవాళ్ళు కదా అని వాళ్ళిద్దరినీ హెచ్చరించి వదిలేశాడు. నన్ను మాత్రం "స్టూడెంట్‌వా? అయితే నీకు పాస్ ఉండాలే?" అన్నాడు. ఉంది సర్, దిండు కింద! ఫైను కాగితం రాసి నా చేతిలో పెట్టాడు. ఆంటీ అది లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బ, ఎంత బాగా ప్రింట్ చేయించారండీ!" అంది అంకుల్‌తో. ఇది నిజమేనని చెప్పడానికి అంకుల్‌కి ఇంటికొచ్చేదాకా ధైర్యం చాల్లేదు.

నిజం తెలిశాక ఆంటీ ఎంత బాధపడిందో! ఫైను అంకుల్ చేత కట్టించింది. యూరప్‌లో దొంగల భయానికని కొనుక్కున్న మెడ సంచీ తీసుకొచ్చి నా మెడలో వేసి, అందులో నా ట్రైన్ పాసు పెట్టి, జిప్పు లాగింది. "నాకెందుకురా, నా దొంగ ఇక్కడే ఉండిపోతున్నాడుగా" అంది.

అందుకే వేసుకున్నా. ఇంకా నవ్వుతున్నారా? నవ్వండి. ఎల్లుండి ఫైనల్ రిహార్సలట. ఈసారి నాకు ప్రమోషన్, టికెట్ కలెక్టర్ వేషం!