దొండపండు మచ్చ

నా మాట ఈ ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ చెవిన పెట్టలేదు. రాసిపెడితేనన్నా చదువుతారేమోనని రాస్తున్నాను. మొన్న మా చెల్లెలు సుగుణ దొండకాయలు తరుగుతుంటే ఒకటి లోపల ఎర్రగా పండి ఉంది. అలాంటిది ఎవరైనా పారేస్తారు. ఆమె మాత్రం దాన్ని నా ముందు పెట్టి, "ఇందన్నా, నీ పండు" అని మనవరాళ్లు చూస్తుండగా నవ్వింది.

అరవయ్యో దశకం మొదట్లో, తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో, సముద్రం మీది ఉప్పుగాలీ, మా అవ్వ పొయ్యి మీద కాల్చే ఎండుచేపల వాసనా కలిసి వీచే పెరట్లో, కంచె నిండా దొండతీగ అల్లుకుని ఉండేది. పండిన కాయలు కోసి ఒకరి మీద ఒకరం విసురుకోవడం మా ఆట. ఒకనాడు నేను విసిరిన పండు నిండు చూలాలైన అమ్మ కాళ్ల దగ్గర చిట్లింది. అమ్మ ఉలిక్కిపడి చెంప మీద చెయ్యి వేసుకుంది. అంతే జరిగింది.

కడుపుతో ఉన్న మనిషి ఉలిక్కిపడి ఎక్కడ తాకితే బిడ్డకు అక్కడ మచ్చ పడుతుందని మావాళ్ల నమ్మకం. సుగుణ పుట్టినప్పుడు నేను చూశాను, చెంప నున్నగా ఉంది. కొన్ని వారాలకు అక్కడ ఎర్రటి చుక్క లేచింది. అది నెలనెలా ఉబ్బి అచ్చం దొండపండులా తయారైంది.

"యేమబ్బయ్యా, నీ చేతి చలవ చూసినావా?" అంది అవ్వ.

"పుట్టినప్పుడు లేదు గదవ్వా!"

"లోపలుండాది, ఇప్పుడు బయటికొచ్చినాది. నోర్ముయ్."

అవ్వ పసుపుకొమ్ము కాల్చి మచ్చ మీద వాత పెడతానంది. కుంపట్లో కొమ్ము కాలుతుండగానే అమ్మ పాపను చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని నెల్లూరు బస్సెక్కింది.

డాక్టరమ్మ మచ్చను వేలితో మెత్తగా నొక్కి చూసింది. "సన్నటి రక్తనాళాలు గుంపుకట్టినాయమ్మా. ఎవురి తప్పూ కాదు. కాల్చొద్దు, పసర్లు పుయ్యొద్దు. కొన్నాళ్లు పెరిగి, తర్వాత నిదానంగా అదే తగ్గుతాది. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకో. పుండు పడినా, కంటివైపు పాకినా వెంటనే తీసుకురా."

ఇంటికొచ్చి అమ్మ ఇవన్నీ అవ్వకు పూసగుచ్చినట్టు చెప్పింది, ఎవరి తప్పూ కాదన్న ఒక్క మాట తప్ప.

ఆ తర్వాత పాప గోళ్లు పెరగకుండా కత్తిరించింది అమ్మ. చెంప గోక్కోకుండా చేతులు పట్టుకుని ఆడించింది నేను. అవ్వ వాత మాట మానేసి, నీళ్లు పోశాక పాత చీరగుడ్డతో ఆ చెంపను రుద్దకుండా అద్దేది. అద్దుతూనే నన్ను తిట్టేది. మచ్చ నడిమధ్య ఎరుపు విరిగి బూడిదరంగు తిరిగింది. సుగుణ పెద్దబడికి పోయే నాటికి దాదాపు పోయింది. ఇప్పుడు ఆమె నవ్వితే తప్ప కనబడని చిన్న ముడత ఒకటి మిగిలింది.

కంచె ఉన్నచోట ఇవాళ రొయ్యల గుంటలు. అవ్వ లేదు, అమ్మా లేదు. సుగుణ చెంప మీది మచ్చ పోయింది, నా మీద పడిందే పోలేదు. సుగుణా, డాక్టరమ్మ మాట విన్నవాళ్లలో మిగిలింది మనమిద్దరమే. నువ్వు ఆ గదిలోనే, అమ్మ ఒళ్లోనే ఉన్నావు. నా తప్పు లేదని పిల్లల ముందు చెబుతావా, చెప్పవా? నవ్వొద్దు. జవాబు చెప్పు.