ఆసుపత్రి మెట్ల దగ్గర నేను విన్న మాటలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదనకు దిగే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కానీ ఇది నాకే జరిగింది.

మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సులు చెబుతాను. నిరుడు నాకు మలద్వారానికి కాస్త పైన, పేగులో క్యాన్సర్ బయటపడింది. చావుకన్నా నాకు ఇంకో భయం ఎక్కువైంది. ఆపరేషన్ తర్వాత విరేచనం ఆపుకోలేకపోతే క్లాసులో ఎలా నిలబడాలి?

పంజాగుట్టలోని ఆసుపత్రిలో డాక్టరు గారు రెండు పద్ధతులు చెప్పారు. చిన్న రంధ్రాల్లోంచి డాక్టరే పరికరాలు పట్టుకుని చేసే కీహోల్ ఒకటి, రోబో చేతులతో చేసేది ఒకటి. విరేచనాన్ని అదుపులో ఉంచే నరాలు రోబోతో కాపాడటం కొంచెం తేలిక కావచ్చు, హామీ మాత్రం ఇవ్వలేనన్నారు. నేను రోబోనే కావాలన్నాను.

"ఫికర్ చెయ్యకన్నా, నేనున్న గదా" అన్నాడు మా తమ్ముడు శ్రీను.

ఆ ఉదయం మత్తు ఇచ్చారు. తర్వాతది నాకు గుర్తుండకూడదు. కానీ గుర్తుంది.

ఎన్నడూ చూడని మెట్లు. గోడ మీద పెద్ద తడి మరక. తమ్ముడు చెప్పులు విడిచి నిలబడ్డాడు. డాక్టరు గారి మాస్కు ఒక చెవికే వేలాడుతోంది.

"రోబో మొరాయించిందండీ. కీహోల్‌లో పూర్తి చేసేస్తాం."

"చెయ్యండి సార్. కానీ మా అన్నకు చెప్పొద్దు, బెంగతోనే పోతడు. వదినకు సుత చెప్పొద్దు."

డాక్టరు గారు తలూపారు.

మెలకువ వచ్చాక అది కల అనుకున్నాను. "రోబో మస్తు జేసిందన్నా" అని తమ్ముడు నా చెయ్యి నిమిరాడు. డాక్టరు గారూ అదే చెప్పారు. నమ్మాను.

ఆపరేషన్‌లో మలం కోసం కడుపు మీద తాత్కాలికంగా పెట్టిన సంచిని కొన్నాళ్లకు తీసేశారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. పాఠం మధ్యలో బాత్రూంకి పరుగెత్తాలి. వచ్చి మైకు పట్టుకునేలోపు మళ్లీ వెళ్లాలి. రోబోతో చేసినా ఎందుకిలా అని అడిగితే, "కొందరికి అయితదట అన్నా" అని తమ్ముడు నా కళ్లలోకి చూస్తూ చెప్పేవాడు.

ఒకసారి తమ్ముడితో చెకప్‌కు వెళ్తే లిఫ్టు పనిచేయలేదు. మెట్లెక్కుతుంటే గోడ మీద ఆ మరక కనిపించింది. అక్కడే ఆగిపోయి, తమ్ముడికి అన్నీ చెప్పాను. చెప్పులు, మాస్కు, వదినకు సుత చెప్పొద్దన్న మాట.

వాడు మెట్ల కిందికీ పైకీ చూశాడు.

"డాక్టర్ సాబ్ చెప్పిండా?"

"లేదు."

"మరెవరన్నా? గాడ మేమిద్దరమే ఉంటిమి."

డాక్టరు గారూ ఒప్పుకున్నారు. రోబోతో పూర్తిచేసినా ఈ ఇబ్బంది వచ్చేదేమో, ఎవరూ చెప్పలేరన్నారు. నిజమే కావచ్చు. దానికి నాకు కోపం లేదు. నా ఒంటికి ఏం చేశారో వాళ్లిద్దరికీ తెలుసు, నాకే చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ అబద్ధమే చెప్పారు.

ఆపరేషన్ థియేటర్ ఆ మెట్లకు పై అంతస్తులో ఉంది. మత్తులో బల్ల మీదున్న నేను ఆ మాటలు ఎలా విన్నానో ఇప్పటికీ తెలియదు.

తమ్ముడు ఇప్పటికీ ఇంటికి వస్తాడు. నా భార్య వంటింట్లోకి వెళ్లగానే తనూ లేచి బయటికి వెళ్తాడు. మోసం చేసినవాడు, ఆ మాటలు విన్న నాతో ఒంటరిగా కూర్చోవడానికి భయపడుతున్నాడు.