కట్టు కింద ఉలవలు

బెంగళూరు పెద్దాసుపత్రిలో నా ఎడమ రొమ్ము మొత్తం తీసేశారన్న సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఊళ్లో అందరికీ చంకలో గడ్డ కోయించుకున్నానని చెప్పాం. మా ఆయనకు తెలుసు గానీ చూడలేదు. కట్టు మార్చేది అత్త. ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తే నేను గోడవైపు తిరిగిపోయేదాన్ని.

ఆపరేషనుకు ముందు అక్కడి డాక్టరు చాలా అడిగాడు. షుగరుందా, బీపీ ఉందా, పొగాకు వేస్తావా అని. అవి ఉన్నవాళ్లకు గాయం తొందరగా మానదట, చీము పడుతుందట. నాకు ఏవీ లేవు. పరీక్ష పాసైనట్టు కొంచెం గర్వపడ్డాను కూడా. పంపించేటప్పుడు, ఎడమ చేత్తో బరువులెత్తొద్దు, గాయం మీద ఏదీ బిగించొద్దు అన్నాడు. సిగ్గు సంగతి మాత్రం అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదులెండి.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు వాన పడింది. ఆ కరువు ఏళ్లలో మా మంగళవాడ వైపు ఒక్క వాన పడితే చాలు, నేల పదును ఆరకముందే వేరుశనగ విత్తెయ్యాలని ఇంటింటా కాయ ఒలవడానికి కూర్చునేవాళ్లు. మా నడవ నిండా వీధిలోని ఆడవాళ్లు చేరారు. నన్నెవరూ రమ్మనలేదు. అత్త వద్దనే అంది. కానీ లోపలే పడుకుంటే ఇది ఉత్త గడ్డ కాదని పసిగడతారని నా భయం.

రవికె ఒకవైపు చప్పగా పడిపోయి ఉంది. దూది పెట్టి చూశాను. వంగితే మెడదాకా ఎగబాకింది. బరువుండాలి. వేరుశనగ గింజలు పెడితే పొడుచుకున్నాయి. ఉలవలైతే సన్నగా, ఎటు నొక్కితే అటు సర్దుకుంటాయి. పాత పంచెగుడ్డలో ఉలవలు మూటగట్టి, కట్టు మీద పెట్టి, ఇంకో గుడ్డతో బిగించి చుట్టాను. అద్దంలో చూసుకుంటే రెండువైపులా ఒకే ఎత్తు, మునుపటి మనిషినే. అప్పుడు కలిగిన సంతోషం తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

"గడ్డ కోసినా బాగా తేరుకున్నావే వదినా!" అంది పక్కింటామె, చేటలో గింజలు చెరుగుతూ. నేను నవ్వాను. అత్త కట్టు మార్చడానికి వస్తే, "నేనే మార్చుకున్నాలే అత్తా" అని పంపించేశాను. గాయంలోంచి నీరు కారుతోందనీ, మూట తడుస్తోందనీ తెలుస్తూనే ఉంది. విత్తనం ఒలుపు అయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నాను.

ఒలుపు ఇంకా అవుతూ ఉండగానే జ్వరం వచ్చింది. చెయ్యి వాచింది. నా దగ్గర నాకే వాసన కొట్టింది. మా ఆయన బస్సెక్కించి పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆయన్ని బయట నిలబెట్టి అక్కడి డాక్టరు గుడ్డలు విప్పాడు.

ఉలవలు మొలకెత్తి ఉన్నాయి. పులుసు కోసం తడిగుడ్డలో కట్టిపెట్టినట్టే, తెల్లగా, గుడ్డలోంచి బయటికి వచ్చి.

"ఏందమ్మా ఇది? నాటుమందా?" అన్నాడు డాక్టరు.

అవునన్నట్టు తలూపాను. మొద్దుదాన్ననుకున్నా ఫరవాలేదు, అసలు సంగతి తెలియకుంటే చాలనిపించింది.

డాక్టరు మా ఆయన్ని లోపలికి పిలిచాడు. నేను వద్దనేలోపే వచ్చేశాడు. దీపం వెలుగులో నా ఛాతీ అంతా బయటే ఉంది. కుట్లు విడిపోయాయి, చుట్టూ ఎర్రగా కమిలింది.

"ఇంకా ఆలస్యమై ఉంటే ప్రాణానికే వచ్చేది. ఎవరప్పా దీన్ని కట్టమన్నది? మీ అమ్మా?"

ఆయన ట్రేలో ఉన్న మూటకేసి చూశాడు. అది ఇంకా గుండ్రంగానే ఉంది. తర్వాత కింద పడున్న నా రవికెకేసి చూశాడు. ఆయనకు అర్థమైపోయిందని నాకు తెలిసింది.

"నేనే కట్టమన్నా సార్" అన్నాడు.

చదువు లేదు సరే, బుద్ధి కూడా లేదా అని డాక్టరు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆయన తలొంచుకుని అంతా పడ్డాడు. తిట్లు అయ్యాక, "దినానికి ఎన్ని తూర్లు మార్చల్ల సార్ కట్టు? నాకు చూపిచ్చండి, నేను మారుస్తా" అంటూ మంచం దగ్గరికొచ్చాడు.

నేను కొంగు లాక్కున్నాను. గాయం మీదికి కాదు, ముఖం మీదికి.