మగ్గం మీద మోపిన నేరం

నాకు కోపం ముందొస్తుంది. తెలివి ఆదోని బస్సెక్కాక తాపీగా వస్తుంది.

ఎమ్మిగనూరులో మా ఇంట్లో మగ్గం నేసేది నా భార్య. నేను రోజూ ఆదోని పోయి పత్తి మిల్లులో పనిచేసి వస్తాను. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో రాట్నం దగ్గర కూర్చోవడం మానేశాక, నేసేటప్పుడు నా భార్యకు మాట తోడు లేకుండా పోయింది. అందుకని వైఫై పెట్టించి, పాటల స్పీకరు కొన్నాను. వారం రోజులు ఆమె సంబరం చూసి నాకే ముచ్చటేసింది. ఎనిమిదో రోజు రౌటరు మీద దూది నూగు పేరుకోవడం చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

మర్నాటి నుంచి పాట తెగడం మొదలైంది. పల్లవి సగంలో ఆగేది, చరణం మధ్యలో లేచేది.

"ఒక్కదాన్నే గోడను సూసుకుంటా నెయ్యలేను. ఇట్లయితే మగ్గం ఇడిసిపెడతా," అని నా భార్య ఫోన్ చేసింది.

భయమేసింది. అమ్మకు ఫోన్ ఇమ్మన్నాను.

"రౌటరు దీపం ఎలుగుతాందేమో సూడమ్మా."

"ఉండప్పా." ఏదో చప్పుడైంది. "ఎలుగుతాంది."

ఫోన్లో వెనకనుంచి పాట మళ్లీ గట్టిగా వినిపించింది. ఆదోనిలో కూర్చునే బాగు చేశానని మిల్లులో గొప్పలు చెప్పుకున్నాను. ఇంటికి పోతే మళ్లీ తెగిందన్నారు. ఇలా నాలుగైదు సార్లు జరిగింది.

మైక్రోవేవ్ ఓవెన్ వైఫైకి అడ్డమని ఎక్కడో చదివి, కొత్తగా ఓవెన్ కొన్న పక్కింటి భాయ్ మీదికి పోయాను. ఆయన నన్ను లోపలికి తీసుకుపోయి, ఇంకా టేపు కూడా విప్పని అట్టపెట్టె చూపించాడు. "ఇది మూసిన పెట్టెలోనుంచే మీ పాట ఆపుతాందా అన్నా?" అన్నాడు. టీ తాగి వచ్చేశాను.

అమావాస్యకు మగ్గాలకు సెలవు. నేనూ సెలవు పెట్టి స్పీకరు ముందు కూర్చున్నాను. రోజంతా ఒక్క పాటా తెగలేదు. ఇంకేముంది, దొంగ దొరికాడు!

"తప్పు మగ్గానిదే. దాని ఇనుప సామాన్లే అడ్డం. వెనక వసారాలో మగ్గానికి వేరే గుంట తవ్విస్తా," అని తీర్పు చెప్పాను.

నా భార్య ముఖం చిన్నబోయింది. "మగ్గం ఈడనే ఉంటాది. ఆ పాటనే ఎత్తుకపోండి," అని అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు రుజువు చూపించాకే బస్సెక్కుదామని ఆగాను. ఆమె పాట పెట్టుకుని మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. వంటింట్లోంచి అమ్మ పెద్ద స్టీలు గిన్నెతో కుంటుకుంటూ వచ్చి, ఆమె వీపు వెనకున్న రౌటరు మీద బోర్లించింది. మగ్గంలో నాడె అటూ ఇటూ కదిలింది. పాట తెగింది.

"అమ్మా! ఏం చేస్తాండావు?"

"నువ్వేగదప్పా, దూది పడితే పాడైతాదని ఇల్లు పీకి పందిరేసినావు! ఆయమ్మి నేసేటప్పుడు మూస్తాను. దీపం సూడమంటే ఎత్తి సూస్తాను."

గిన్నె తీసి, పలుచని నూలుగుడ్డ కప్పాను. పాట లేచింది. చప్పుడు చేయకుండా టిఫిన్ క్యారియరు అందుకున్నాను.

"యాడికి? ఏ పాపమూ ఎరగని మగ్గం మీద నేరం మోపితిరి. మొక్కి పోండి," అంది నా భార్య.

మొక్కాను. అప్పటికే బస్సు వెళ్లిపోయింది. సిగ్గుతో రాట్నం దగ్గర కూర్చుని, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాను. చుట్టిన ప్రతి కండెకూ నా భార్య చేత తిట్లు తిన్నాను.

మధ్యాహ్నానికి ఆమే స్పీకరు ఆపేసింది.

"ఇప్పుడెందుకే ఆపినావు?" అంది అమ్మ.

"కండె సుట్టేది రాకపోయినా, తిట్టేకి మనిషి దొరికినాడు గదత్తా."