పరీక్షలో పలకలేని పేరు

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున మదనపల్లె నుంచి ఆమె కోడలు ఫోను చేసింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. నేను కుప్పం నుంచి బస్సులు మారి చేరుకునేసరికి సమాధి మీద మట్టి కూడా వేసేశారు. కాసేపు నిలబడి, దండం పెట్టుకుని తిరిగి వచ్చాను.

"ఎవరవ్వా ఆమె? మనకేమవుతుంది?" అని మనవరాలు అడిగింది. అది ఇప్పుడు ఇంగ్లీషు పరీక్షకు తయారవుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంది, గోడ వైపు తిరిగి మాట్లాడుతుంది. ఒక్క పూట మానినా నేను ఊరుకోను. దానికి జవాబు చెప్పబోతే నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు పోలేదు. నోటితో చెప్పలేనిది రాయగలనేమోనని ఇది రాస్తున్నాను.

డెబ్భైల చివరి మాట ఇది. నా పుట్టిల్లు పుంగనూరు, మెట్టినిల్లు కుప్పం. బి.ఏ. పాసై పెళ్లి చేసుకుని, అత్తగారింట్లో ఆవుల పనీ చెనక్కాయల చేను పనీ చూసుకుంటున్నాను. కుప్పంలో కొత్తగా ఇంగ్లీషు మీడియం స్కూలు పెడుతున్నారని, టీచర్లు కావాలని తెలిసింది. ఇంగ్లీషులో పరీక్ష పాసైతేనే ఉద్యోగం. ఒక పూట రాత, ఒక పూట మాట్లాడడం. జరిగేది మదనపల్లెలో. నా చదువుకు ఒక పని దొరికే దారి అదొక్కటే కనిపించింది. మా అత్త రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది.

"ఒక్క తూరికే మే. తప్పితే మళ్లా ఆ మాట ఎత్తగూడదు. ఆవులుండాయి, సేనుండాది."

పరీక్ష దాకా పుట్టింట్లో ఉండి, శనివారం శనివారం మదనపల్లె వెళ్లేదాన్ని. మా చిన్నాన్నకు మిషన్ ఆస్పత్రిలో తెలిసిన కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. ఆయన భార్యే మా టీచరమ్మ. ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. ఆస్పత్రి ఆవరణలో పిల్లా పెద్దా అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను.

మొదటి రోజు ఆమె పుస్తకం తీయలేదు. చేటలో చింతపండు పోసి నా ముందు పెట్టింది. గింజలు తీస్తూ, పుంగనూరు నుంచి ఎలా వచ్చానో ఇంగ్లీషులో చెప్పమంది. కాలేజీలో బట్టీ పట్టిన వ్యాసం ఒకటి అప్పగించాను.

"ఇది అచ్చులో పోసింది. నీ మాట యాడుండాది?" అంది.

నా మాట బయటికి రావడానికి నాలుగు వారాలు పట్టింది. తప్పు మాట్లాడితే ఆమె మధ్యలో ఆపేది కాదు. ఒక చింతగింజ తీసి పక్కన పెట్టేది. చెప్పడం అయ్యాక ఒక్కో గింజా చూపించి ఏ తప్పుకు ఏ గింజో వివరించేది. "మధ్యలో దిద్దితే మనిషి నోరు మూసుకుంటాది" అనేది. లెక్కంటే ఇష్టమున్న నాకు ఆ పద్ధతి నచ్చింది. గింజల కుప్ప తగ్గేకొద్దీ నాకు గర్వం పెరిగింది.

ఆమె అలవాటు ఒకటి మాత్రం నాకు మింగుడు పడేది కాదు. వంటింట్లోంచి మొగుణ్ని పేరు పెట్టి గట్టిగా పిలిచేది. ఆ పిలుపు వినపడగానే నేను తల వంచుకుని చింతపండు పనిలో పడేదాన్ని.

పరీక్ష వచ్చింది. రాత బాగా రాశాను. మాట్లాడించడానికి బెంగుళూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. టీచరమ్మ నాకు తోడు వచ్చి బయట వరండాలో కూర్చుంది. నా ఊరూ చదువూ అడిగితే తడుముకోకుండా చెప్పాను. తర్వాత ఆ పెద్దావిడ నా భర్త పేరు అడిగింది.

మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందంటారు. రేషను షాపులోనైనా ఆస్పత్రిలోనైనా ఎవరైనా అడిగితే మేము పక్కకు చూస్తాం, పక్కనున్నవాళ్లు అందిస్తారు. ఆ గదిలోనూ నేను పక్కకు చూశాను. గోడ ఉంది. ఆవిడ అదే ప్రశ్న మెల్లగా అడిగింది, తర్వాత గట్టిగా అడిగింది. ప్రతి మాటా అర్థమవుతూనే ఉంది. నోరు పెగల్లేదు. ఆవిడ కాగితం మీద ఏదో రాసి, వెళ్లమంది. సులువైన ప్రశ్నలు కూడా అర్థం కావడం లేదని రాసినట్టు ఫలితాలప్పుడు తెలిసింది.

ఫలితాలు వచ్చిన రోజు టీచరమ్మ ఇంట్లో నేను తల ఎత్తలేదు. ఆమె ఒక చింతగింజ తీసి తన వైపు పెట్టుకుంది.

"ఇది నాది. ఊరూ వాడా అన్నీ నీ చేత అనిపించినాను గానీ, ఆ పేరు ఒక్కసారి అనిపించలేదు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బి.ఏ. చదివినదాన్ననే పొగరు అప్పటిదాకా నాలో చాలా ఉండేది.

తర్వాతి వారం ఆమె ఎవరూ పిలవకుండానే కుప్పం వచ్చింది. మా అరుగు మీద కూర్చుని మా అత్తతో చెప్పింది: "ఇంగో తూరి పంపించమ్మా. తప్పు నీ కోడలిది కాదు. మొగుని పేరడిగినారు. చెప్పలేదు, అంతే."

మా అత్త మొహం వెలిగిపోయింది. "బెంగుళూరు దొరసాని అడిగినా సెప్పలేదా!" అంటూ పక్కింటామెను కేకేసింది. "ఏమ్మే, ఇన్యావా! మా కోడలు సెప్పలేదంట!"

తప్పిన పరీక్షకు వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది. నేను కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చాను. టీచరమ్మ నా వైపు చూడకుండా గ్లాసు అందుకుంది. నా మొహం ఎలా ఉందో ఆమెకు తెలుసు.

"మళ్లా పంపిస్తే ఈసారి చెప్పాల అమ్మా. చెప్తేనే పాసు."

మా అత్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఇంగిలీసులో అయితే సెప్పనీలే. యముడికి ఇంగిలీసు యాడొస్తాది?"

టీచరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కాఫీ చీర మీద ఒలికింది.

మళ్లీ శనివారాలు మొదలయ్యాయి. టీచరమ్మ ముందు కూర్చుని నా భర్త పేరు చెప్పాలి. మొదట గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

"చూడు, పెండ్లయినప్పట్నుంచి ఈయన్ని పిలుస్తానే ఉండాను. జలుబు గూడా రాలేదు" అని ఆమె కాంపౌండరు గారిని చూపించేది.

"పోయిన వారమే గదా వచ్చింది!" అనేవాడాయన పేపరు వెనక నుంచి.

"అది నువ్వు వానలో తిరిగినందుకు!"

నవ్వుతూ నవ్వుతూ ఒక రోజు అనేశాను. తర్వాత గట్టిగానే అన్నాను. ఎలా అడిగినా చెప్పేలా తయారయ్యాను.

రెండోసారి అదే పెద్దావిడ. భర్త పేరు అడగనే లేదు. ఇంత తక్కువ సమయంలో ఇంత బాగా మాట్లాడుతున్నావు, నీకు నేర్పిందెవరు అని అడిగింది. మా టీచరమ్మ అన్నాను. ఆమె పేరేమిటి అంది.

నాకు తెలియదు.

అన్ని శనివారాలు ఆమె ఇంట్లో అన్నం తిన్నాను. నా మొగుడి పేరు నా చేత పలికించడానికి ఆమె కుప్పం దాకా వచ్చింది. ఆమె పేరేమిటో ఒక్క రోజు కూడా నేను అడగలేదు. నా చెవులు కాలిపోయాయి. తెలియదండీ, అడగకపోవడం నా తప్పు, ఈ రోజే అడుగుతాను అని ఇంగ్లీషులోనే చెప్పాను. ఆవిడ పెన్నుకు మూత పెట్టింది. ఇంకేమీ అడగలేదు. నేను పాసయ్యాను. ఆ స్కూల్లోనే రిటైరయ్యే దాకా పని చేశాను.

ఆ పరీక్ష రోజు సాయంత్రం టీచరమ్మ నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. అడగాలని నోటిదాకా వచ్చినా అడగలేకపోయాను. కండక్టరు విజిలేశాక, కిటికీలోంచి వంగి అడిగాను. ఇంజను మోతలో ఆమెకు వినపడలేదు. "ఏమంటాండావు?" అంది. మళ్లీ అడిగాను, ఈసారి అరిచి. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు తిరిగారు.

ఆమె నవ్వింది. బస్సు పక్కన నడుస్తూనే, నా కిటికీ కింద రేకు మీద పేరుకున్న ఎర్రదుమ్ములో వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. చివరి అక్షరం రాసేటప్పుడు బస్సుతో పాటు నాలుగడుగులు పరుగెత్తింది. నేను తల బయటికి పెట్టి, తలకిందులుగా చదువుకున్నాను.

పుంగనూరులో దిగి చూశాను. దిగేవాళ్ల చీరలూ మూటలూ రాసుకుని సగం చెరిగిపోయింది. మిగిలిన అక్షరాలతో బస్సు చౌడేపల్లె వైపు తిరిగింది.